అన్ని పక్షాలూ తిట్టిన ఎడిటర్: మౌలానా ముహమ్మద్ అలీ జౌహర్

1921 సెప్టెంబరు 14. మద్రాసు వెళ్లే రైలు వాల్తేరు స్టేషన్‌లో ఆగింది. అందులో గాంధీజీ ఉన్నారు, మౌలానా ముహమ్మద్ అలీ ఉన్నారు, మౌలానా బేగం అమ్జదీ కూడా ఉన్నారు. రైలు అక్కడ కాసేపు ఆగుతుంది కాబట్టి స్టేషన్ బయట చేరిన జనంతో నాలుగు మాటలు మాట్లాడి వద్దామని ఇద్దరు నాయకులూ దిగి నడిచారు. గేటు దాటి నాలుగడుగులు వేశారో లేదో, పోలీసులు వచ్చి మౌలానాను అరెస్టు చేశారు. గాంధీజీ చూస్తూ ఉండగానే తీసుకెళ్లిపోయారు. బేగం సాహిబా స్టేషన్‌లో భర్తను కలిసి, మళ్లీ రైలెక్కి, ఆగిపోకుండా గాంధీజీతో పాటు ప్రయాణం సాగించారు.

సర్కారు దృష్టిలో ఆయన నేరం కరాచీ ఖిలాఫత్ సభలో చేసిన తీర్మానం. బ్రిటిష్ సైన్యంలో నౌకరీ చేయడం ముసల్మానుకు హరామ్ అన్నది దాని సారం. కరాచీ ఖాలిఖ్‌దీనా హాలులో విచారణ జరిగింది. మౌలానాకు, అన్న షౌకత్ అలీకి, మరి కొందరికి రెండేళ్ల కఠిన శిక్ష పడింది. వాళ్లతో పాటు బోనులో నిలబడిన శంకరాచార్య భారతీ కృష్ణ తీర్థ మాత్రం నిర్దోషిగా విడుదలయ్యారు.

అయితే ఆయన మీద అప్పటికే పత్రికల్లో వేరే కేసు నడుస్తోంది. ఆ ఏడాదే, వాల్తేరుకు కొన్ని నెలల ముందు, అఫ్గాన్ అమీర్ ఇంగ్లీషువాళ్ల మీదికి దండెత్తి వస్తే ఏం చేయాలన్న సంగతి మీద ఆయన మద్రాసు వైపు ఒక ప్రసంగం చేశారు. దాంతో కొన్ని అఖ్బార్లు ఆయన్ని దేశద్రోహి అన్నాయి. మే నెలలో, గాంధీజీ వైస్రాయ్ రీడింగ్‌ను కలిసిన తర్వాత, తమ ప్రసంగాల్లో హింసకు తావిచ్చే మాటలేమైనా ఉంటే విచారిస్తున్నామని అలీ సోదరులు ప్రకటన ఇచ్చారు. అప్పుడేమో అవే అఖ్బార్లు పిరికివాళ్లు, క్షమాపణ చెప్పి బయటపడ్డారు అన్నాయి. మాట్లాడితే ద్రోహి, తగ్గితే పిరికివాడు. నాలుగు నెలలు తిరక్కుండానే ఆ పిరికివాడు రెండేళ్లు జైలుకు పోయాడు. దాని గురించి మాట వెనక్కి తీసుకున్న పత్రికలు పెద్దగా లేవు.

ఈ మనిషి జీవితమంతా ఇలాగే నడిచింది. ఆయనే స్వయంగా పత్రికా సంపాదకుడు కావడం వల్ల ఈ కథ ఇంకా చిక్కుగా ఉంటుంది. ఎందుకంటే తిట్లు తినడంలోనే కాదు, తిట్టడంలో కూడా ఆయన తక్కువవాడేం కాదు.

ముహమ్మద్ అలీ 1878 డిసెంబరు 10న రాంపూర్‌లో పుట్టారు. రెండేళ్ల వయసులోనే తండ్రి అబ్దుల్ అలీ ఖాన్ ఇంతికాల్ అయ్యారు. తల్లి ఆబాదీ బానో బేగం చిన్న వయసులోనే బేవా అయ్యారు. తర్వాత దేశమంతా బీ అమ్మాఁ అని పిలుచుకున్నది ఈమెనే. ఇంగ్లీషు చదువు చదివితే పిల్లలు కాఫిర్లు అయిపోతారని బంధువులు అడ్డుపడితే, ఆమె నగలు తాకట్టు పెట్టి కొడుకుల్ని బడికి పంపించింది. ఆమెకు మాత్రం ఇంగ్లీషు రాదు. అలీగఢ్ తర్వాత ముహమ్మద్ అలీ ఆక్స్‌ఫర్డ్ లింకన్ కాలేజీలో చరిత్ర చదివారు. ఆ ఖర్చు భరించింది అన్న షౌకత్ అలీ. ఐ.సి.ఎస్. పరీక్ష మాత్రం తప్పారు. తప్పడమే మంచిదైంది అనుకోవాలి. వచ్చి బరోడా సంస్థానంలో కొన్నేళ్లు ఉద్యోగం చేసి, దాన్ని వదిలేసి కలకత్తా చేరారు.

1911 జనవరి 14న అక్కడి నుంచే కామ్రేడ్ వారపత్రిక మొదలైంది. ఇంగ్లీషు పత్రిక, ఖరీదైన కాగితం, అంతకంటే ఖరీదైన భాష. ఇంగ్లీషు దొరలు కూడా కొని చదివేవారు. తాము ఏ పక్షానికీ చెందమని, అందరికీ తోడుగా ఉంటామని ఆ పత్రిక మొదట్లోనే పాఠకులకు హామీ ఇచ్చింది. ఈ హామీని గుర్తుపెట్టుకోవాలి. మౌలానా శత్రువులు ఇరవై ఏళ్ల పాటు దీన్నే ఆయన మొహం మీద కొట్టారు.

1912లో రాజధానితో పాటు కామ్రేడ్ కూడా ఢిల్లీకి మారింది. 1913లో ఉర్దూలో హమ్‌దర్ద్ వచ్చింది. దాన్ని ఆయన నస్ఖ్ టైపులో అచ్చు వేయించారు. నస్తాలీఖ్‌కు అలవాటు పడిన కళ్లకు ఆ అచ్చు నచ్చలేదు, చివరికి మళ్లీ లితోకే వెళ్లాల్సి వచ్చింది. బాల్కన్ యుద్ధంలో గాయపడిన తుర్కుల కోసం కామ్రేడ్ చందాలు పోగుచేసింది, డాక్టర్ అన్సారీ నాయకత్వంలో వైద్య బృందం తుర్కీకి వెళ్లింది. 1913లో కాన్పూరు మస్జిద్ వుజూఖానా కూల్చినప్పుడు, అడిగినవాళ్ల మీద కాల్పులు జరిగినప్పుడు, ఆయన ఫిర్యాదు మోసుకుని లండన్ దాకా పోయారు.

1914లో యుద్ధం మొదలైంది. తుర్కులు ఎటువైపు ఉండాలో హితబోధ చేస్తూ లండన్ టైమ్స్ ఒక వ్యాసం రాసింది. మౌలానా అదే శీర్షిక తీసుకుని కామ్రేడ్‌లో పొడుగాటి జవాబు రాశారు. తుర్కులు యుద్ధానికి దూరంగా ఉండటమే మేలని ఆయన కూడా అన్నారు. కాకపోతే, నీతి చెబుతున్న ఇంగ్లాండు తుర్కీకి చేసిన అన్యాయాలన్నీ వరసగా ఏకరువు పెట్టారు. ఈజిప్టును పట్టుకుని కూర్చున్నవాళ్లు ఇతరులకు న్యాయం నేర్పడం ఏమిటన్నది ఆయన వాదన. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని మన ఊళ్లలో అంటారే, సరిగ్గా అదే సంగతి. ప్రెస్ చట్టం కింద పత్రిక జమానత్ జప్తు అయింది, కామ్రేడ్ ఆగిపోయింది. 1915 మే నెలలో అన్నదమ్ములిద్దర్నీ నిర్బంధించారు. మహ్రౌలీ, లాన్స్‌డౌన్, ఛింద్వాడా, చివర్న బేతుల్ జైలు. 1919 డిసెంబరు చివర్న విడుదలై, ఇంటికి కూడా పోకుండా అమృతసర్ కాంగ్రెస్ సభకు వెళ్లారు.

తర్వాతి రెండేళ్లు ఖిలాఫత్ రోజులు. ఆ రోజుల గురించి చాలామందికి తెలుసు. తాను చదివిన అలీగఢ్ కాలేజీ సర్కారు గ్రాంటు వదులుకోలేదని, విద్యార్థుల్ని బయటికి పిలిచి 1920 అక్టోబరులో జామియా మిల్లియా మొదలుపెట్టించిన వాళ్లలో ఆయన ముందున్నారు. దానికి మొదటి షేఖుల్ జామియా కూడా ఆయనే. అలీగఢ్ పెద్దలు కృతఘ్నుడన్నారు.

కరాచీ శిక్ష ముగిసి 1923 ఆగస్టు చివర్న బయటికి వచ్చేసరికి దేశం మారిపోయింది. గాంధీజీ యెరవడా జైల్లో ఉన్నారు. బయట కాంగ్రెస్ రెండు ముక్కలైంది. శాసనసభల్లోకి వెళ్దామనేవాళ్లు ఒకవైపు, వద్దనేవాళ్లు ఒకవైపు. మౌలానా ఎప్పుడూ వద్దనే పక్షమే. కానీ సెప్టెంబరు ఢిల్లీ ప్రత్యేక సభలో ఆయన రాజీకి ఒప్పుకున్నారు. పైగా, గాంధీజీ మనసు కూడా ఇదేనని వైర్‌లెస్ లాంటి మార్గంలో తనకు తెలిసిందన్నట్టు మాట్లాడారు. పాత మిత్రులు నవ్వారు, కోపగించుకున్నారు, దగా అన్నారు. ఇక్కడ తప్పు ఆయనదే. పార్టీ చీలిపోకూడదన్న ఉద్దేశం మంచిదే గానీ, జైల్లో ఉన్న మనిషి పేరు వాడుకోవాల్సిన పని లేదు.

ఆ డిసెంబరులోనే కాకినాడ కాంగ్రెస్ జరిగింది. అధ్యక్షుడు మౌలానా ముహమ్మద్ అలీ. ఆహ్వాన సంఘం అధ్యక్షుడు కొండా వెంకటప్పయ్య. బులుసు సాంబమూర్తి సభకు కొద్ది రోజుల ముందే కొడుకును పోగొట్టుకుని, ఆ దుఃఖంలోనే సభ పనులు చూశారు. ఖద్దరు ఎగ్జిబిషన్ గేటు దగ్గర టికెట్ లేదని జవాహర్‌లాల్ నెహ్రూను ఆపిన చిన్న వాలంటీరు దుర్గాబాయి కథ కూడా ఇక్కడిదే. మౌలానా అధ్యక్షోపన్యాసం మాత్రం చాలా, చాలా పొడుగు. కాంగ్రెస్ చరిత్రలోనే అంత పొడుగువి తక్కువ.

ఆ ఉపన్యాసంలో ఒక చోటు ఆయన్ని జీవితాంతం వెంటాడింది. అంటరాని కులాల మధ్య హిందూ, ముస్లిం సంస్థలు ప్రాంతాలు పంచుకుని పనిచేసుకుంటే గొడవలు తగ్గుతాయన్న ఒక మిత్రుడి ఆలోచనను ఆయన ప్రస్తావించారు. స్వామి శ్రద్ధానంద వర్గం భగ్గుమంది. తర్వాతి కాలంలో అంబేడ్కర్ కూడా దాన్ని గుర్తుచేశారు. ఆ కోపంలో న్యాయం ఉంది. కోట్ల మంది మనుషుల్ని వాళ్లను అడక్కుండానే పొలం గట్టు వేసినట్టు పంచుకునే మాట ఎవరి నోటి నుంచి వచ్చినా తప్పే, అది ఆలోచన మాత్రమే అని చెప్పుకున్నా సరే.

సభ అయిపోయాక నెహ్రూను పట్టుబట్టి జనరల్ సెక్రటరీ చేసింది మౌలానానే. ఇద్దరికీ రోజూ వాదనే. కాంగ్రెస్ తీర్మానాల్లో అల్లాహ్ ప్రస్తావన ఉండాలని ఒకరు, వద్దని ఒకరు. ఉత్తరాల్లో పేర్లకు ముందు మహాత్మా, మౌలానా, పండిట్ లాంటివి తీసేయండని నెహ్రూ సర్క్యులర్ పంపితే, గాంధీజీ పేరు ముందు మాత్రం మహాత్మా ఉండాల్సిందేనని అధ్యక్షుడు పట్టుబట్టారు. ఈ చిన్న సంగతిని గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఆ తర్వాత కొద్ది నెలలకే ఆయన గాంధీజీని అవమానించాడని దేశమంతా గోల లేచింది.

అది ఇలా జరిగింది. ముస్లింలలోనే కొందరు ఆయన్ని గాంధీ పూజారి అని వెక్కిరించడం మొదలుపెట్టారు. ఈమాన్ వదిలేసి గాంధీ వెనక తిరుగుతున్నాడని రాశారు. దానికి జవాబుగా 1924లో అలీగఢ్‌లోనూ అజ్మీర్‌లోనూ ఆయన మాట్లాడుతూ, గాంధీజీ నడవడి ఎంత గొప్పదైనా, అఖీదా లెక్కన చూస్తే నడవడి లేని ముసల్మాను మతాన్ని తాను పైదిగా భావిస్తానని అన్నారు. లక్నోలో అడిగితే మళ్లీ అదే చెప్పారు. హిందూ పత్రికలు మండిపడ్డాయి. నిన్నటిదాకా బాపూ అని ఈరోజు ఇలాగా అని మునాఫిఖ్ ముద్ర వేశాయి. మతం మీద నమ్మకం వేరు, మనిషి శీలం వేరు అని ఆయన స్వామి శ్రద్ధానందకు ఉత్తరం రాసి వివరించారు. గాంధీజీకే కోపం రాలేదు. తన మతం తనకు అందరి మతాలకంటే పైదని నమ్మడం తప్పు కాదని యంగ్ ఇండియాలో ఆయన పక్షాన రాశారు. వాదం సరైనదే కావచ్చు. అయితే అంత కటువుగా చెప్పాల్సిన అవసరం ఉందా అంటే, లేదు. తమవాళ్లు వేసిన నిందను కడుక్కోవడానికి ఎదుటివాళ్లను నొప్పించే మాట వాడటం పత్రికలవాళ్లకు పాత అలవాటు, ఆయనకూ ఉంది.

అదే 1924 సెప్టెంబరులో కోహాట్‌లో మతకల్లోలం జరిగింది. గాంధీజీ 21 రోజుల నిరాహార దీక్షకు కూర్చున్నారు. ఎక్కడ కూర్చున్నారంటే, ఢిల్లీలో ముహమ్మద్ అలీ ఇంట్లోనే. దీక్ష పూర్తయ్యాక మౌలానా ఒక కసాయి దగ్గర ఆవును కొని, దాన్ని కోతకు పోకుండా తప్పించి గాంధీజీకి కానుకగా ఇచ్చారు. కాకినాడలో పలుస్కర్ పాట సంగతి చెప్పి మౌలానాను ఈ రోజుకీ తిట్టేవాళ్లున్నారు. వాళ్ల నోట ఆవు సంగతి వినపడదు. ఆవు సంగతి చెప్పి మురిసిపోయే మనవాళ్లు అజ్మీర్ మాటల దగ్గర చప్పుడు చేయరు.

ఆ ఏడాది ఆయన ఇంట్లో కూడా చీకటే. మార్చిలో తుర్కులే ఖిలాఫత్‌ను రద్దు చేసేశారు. దేనికోసం జైళ్లకు పోయారో అదే లేకుండా పోయింది. కూతురు ఆమినా జబ్బుతో చనిపోయింది. నవంబరులో బీ అమ్మాఁ కన్నుమూశారు. ఆ దుఃఖంలోనే కామ్రేడ్, హమ్‌దర్ద్ రెండూ మళ్లీ మొదలుపెట్టారు.

ఇక మనవాళ్ల మధ్య గొడవ. అన్నింటికంటే ఎక్కువ నొప్పి పెట్టింది ఇదే. మక్కా షరీఫ్ హుసేన్ ఇంగ్లీషువాళ్ల అండతో తుర్కుల మీద తిరగబడ్డవాడు కాబట్టి మౌలానాకు అతనంటే మంట. అందుకే 1924లో ఇబ్నె సఊద్ మక్కాను తీసుకుంటే ఈయన ఇబ్నె సఊద్ వైపు నిలబడ్డారు. హిజాజ్‌లో బాద్షాహత్ ఉండదని, లోకంలోని ముసల్మానులంతా మష్వరా చేసి నిర్ణయిస్తారని నమ్మారు. ఆయన పీర్, ఫిరంగీ మహల్ మౌలానా అబ్దుల్ బారీ మాత్రం మొదటి నుంచీ వద్దన్నారు. మజార్లు, గుమ్మటాలు మిగలవని భయపడ్డారు. మురీద్ పీర్‌తో తెగదెంపుల దాకా వెళ్లాడు. పత్రికల్లో రెండు వర్గాలు ఒకరినొకరు తిట్టుకున్నాయి. 1926 జనవరిలో ఇబ్నె సఊద్ హిజాజ్‌కు రాజునని ప్రకటించుకున్నాడు. అదే నెలలో మౌలానా అబ్దుల్ బారీ ఇంతికాల్ అయ్యారు. తర్వాత కొద్ది నెలలకు జన్నతుల్ బఖీలో గుమ్మటాలు కూలిపోయాయి.

ఆ వేసవిలో మక్కాలో జరిగిన ముస్లిం మహాసభకు అలీ సోదరులు వెళ్లారు. కళ్లారా చూసి వచ్చారు. తిరిగొచ్చాక ముహమ్మద్ అలీ ఇబ్నె సఊద్‌కు వ్యతిరేకి అయిపోయారు. పీర్ చెప్పిందే నిజమని ఒప్పుకోవడానికి పీర్ బతికి లేరు. లాహోర్ జమీందార్ పత్రిక ఎడిటర్ మౌలానా జఫర్ అలీ ఖాన్ మాత్రం ఇబ్నె సఊద్ వైపే ఉన్నారు. ఈ జఫర్ అలీ ఖాన్ ఒకప్పుడు మన హైదరాబాదులో నిజాం కొలువు చేసి, దక్కన్ రివ్యూ నడిపిన మనిషే. బాల్కన్ రోజుల్లో ఇద్దరిదీ ఒకే గొంతు. ఇప్పుడు నిన్న పొగిడినవాణ్ణి ఈరోజు తిడుతున్నావని ముహమ్మద్ అలీ మీద నింద. మన వైపు రాజు చేస్తే తప్పు కాదా అని ఈయన ఎదురు నింద. ఢిల్లీలో ఖ్వాజా హసన్ నిజామీతో మరో కలంపోరు. ఇస్లాం పేరుతో నడిచే అఖ్బార్లు ఒకదాన్నొకటి ఎంత మాట పడితే అంత మాట అనుకున్న రోజులవి. సర్కారుకు చేయాల్సిన పనేమీ మిగల్లేదు. హమ్‌దర్ద్ చందాదారులు తగ్గారు, అప్పులు పెరిగాయి. కామ్రేడ్ 1926లోనే మూతపడింది.

మాట మార్చినందుకు ఆయన్ని మునాఫిఖ్ అన్నారు గానీ, లెక్క చూస్తే ఆ మార్పుతో ఆయనకు ఒరిగిందేమీ లేదు. పోయింది మాత్రం చాలా ఉంది: మిత్రులు, చందాలు, ఆరోగ్యం. షుగర్ జబ్బు అప్పటికే లోపల తినేస్తోంది.

1928 నెహ్రూ రిపోర్టు ఆయన్ని కాంగ్రెస్ నుంచి పూర్తిగా విడదీసింది. పూర్తి ఆజాదీ బదులు డొమినియన్ హోదా అడగడం, ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలు తీసేయడం, రెండూ ఆయనకు నచ్చలేదు. 1929 జనవరిలో ఢిల్లీలో ఆగా ఖాన్ అధ్యక్షతన ముస్లిం పార్టీల సమావేశం జరిగితే అక్కడ ముహమ్మద్ అలీ ఉన్నారు. ఎవరినైతే పదిహేనేళ్లు సర్కారు తొత్తులని రాశారో, వాళ్ల పక్కనే కుర్చీ. ఈ ఒక్క దృశ్యాన్ని పట్టుకుని కాంగ్రెస్ పత్రికలు గోడ మీద పిల్లి అన్నాయి. ఈ నిందకు ఆయన దగ్గర ఎప్పుడూ గట్టి జవాబు లేదు. ఆ ఏడాదే హమ్‌దర్ద్ కూడా ఆగిపోయింది, జవాబు ఉన్నా రాయడానికి సొంత పత్రిక లేదు.

1930లో గాంధీజీ ఉప్పు సత్యాగ్రహం మొదలుపెడితే దూరంగా ఉండమని ముస్లింలకు చెప్పారు. డాక్టర్ అన్సారీ లాంటి పాత సహచరులు, ఎందరో ముస్లింలు ఆయన మాట వినకుండా జైళ్లకు వెళ్లారు. అదే ఏడాది లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి సర్కారు పిలిస్తే వెళ్లారు. అప్పటికి నడవలేని స్థితి. స్ట్రెచర్ మీద మోసుకెళ్లారు. అమ్ముడుపోయాడన్న మాట మళ్లీ వినపడింది. అయితే నవంబరులో ఆ సభలో ఆయన మాట్లాడిన తీరు చూస్తే ఇంగ్లీషువాళ్లకే ఇబ్బంది కలిగింది. స్వతంత్రం తీసుకునే తిరిగి వెళ్తానని, బానిస దేశానికి పోనని, ఇవ్వకపోతే ఇక్కడే తనకు కబరు తవ్వాల్సి వస్తుందని రాజు పిలిచిన సభలోనే చెప్పేశారు.

జనవరి 1న మంచం మీద పడుకునే, హిందూ ముస్లిం సమస్య మీద ప్రధాని రామ్సే మెక్‌డోనాల్డ్‌కు పొడుగాటి ఉత్తరం చెప్పి రాయించారు. 1931 జనవరి 4న లండన్ హోటల్ గదిలో ఇంతికాల్ అయ్యారు. వయసు 52.

ఇంగ్లాండులో ఖననం చేయలేదు, హిందుస్తాన్‌కూ తేలేదు. మయ్యత్‌ను బైతుల్ మఖ్దిస్‌లో దఫన్ చేయడానికి ముఫ్తీ అమీనుల్ హుసేనీ కబురు పంపారు. షౌకత్ అలీ, బేగం అమ్జదీ వెంట ఉన్నారు. ఓడ మీద ఈజిప్టు చేరి, అక్కడి నుంచి ఫలస్తీన్. జనవరి 23, జుమ్మా రోజు, హరమె షరీఫ్‌ను ఆనుకుని పడమటి వైపున్న మదర్సాలో దఫన్ చేశారు. పదేళ్ల కింద వాల్తేరు స్టేషన్ నుంచి భర్త లేకుండా రైలెక్కిన ఆమె, ఈసారి అక్కడి నుంచి ఒంటరిగా తిరిగి వచ్చారు.